మూడో గదికి జ్వరం రాలేదు

"అలారం నొక్కేసింది నువ్వా, కాదా? అది చెప్పు ముందు. ఏడుపు తర్వాత."

గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూనే నూకరత్నం ఆ మాట వింది. అడిగిన మనిషి ముఖం కన్నా ముందు అతని కాళ్ళు కనబడ్డాయి. నల్లబూట్లు, వాటిమీద నీలం రంగు ప్లాస్టిక్ తొడుగులు. బెల్లం దాచే ఆ కోల్డ్ స్టోరేజీ షెడ్డులో నేలంతా జిగురే. అందరూ చెప్పులు బయట వదిలి ఉత్తికాళ్ళతో తిరుగుతారు, వెళ్ళేటప్పుడు కుళాయి దగ్గర కడుక్కుంటారు. ఈయనొక్కడే బూట్లకి చొక్కాలు తొడిగాడు.

"ఎవరండీ తమరు?"

"ధనుంజయ్. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు ఇన్వెస్టిగేటర్ని. విశాఖపట్నం నుంచి వచ్చాను. మీరు?"

"నూకరత్నం. డిటెక్టివ్‌ని. మెయిన్‌రోడ్డులో టైలరు షాపు మేడ మీద ఆఫీసు."

అతను నవ్వాడు. "డిటెక్టివ్వా? తప్పిపోయిన గేదెల్ని వెతుకుతారా?"

"వెతుకుతానండి. అది తేలిక పని. గేదె అబద్ధం ఆడదు కదా."

కుర్చీలో ముడుచుకుని కూర్చున్న అమ్మాయికి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆ అమ్మాయి ఇందు. పైచదువు మధ్యలో ఆగిపోయినా, ఈ షెడ్డులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం సంపాదించుకుంది. ఎనిమిది నెలల కూతురు చిన్నారిని కూడా వెంట తెచ్చుకుంటుంది. వెనక గదిలో చీర ఉయ్యాలలో పిల్ల నిద్రపోతోంది. ఇందు ఒక చెవి ఎప్పుడూ అటే ఉంటుంది.

జరిగింది చిన్న విషయం కాదు. పోయిన శుక్రవారం మూడో గదిలో చలి పోయింది. రైతులు దాచుకున్న బెల్లం దిమ్మలు కరిగి, పాకంలా కారి, గడప దాటి వరండాలోకి వచ్చాకే మనుషులకి తెలిసింది. గోడ మీది పెద్ద స్క్రీన్ మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆకుపచ్చ దీపాలే చూపించింది. అలారం కూయలేదు. ఇందు కావాలనే దాన్ని ఆపిందని ధనుంజయ్ తేల్చేశాడు. ఒంటిగంటకి బయల్దేరి, పోలీస్ స్టేషన్లో కంప్లైంటు ఇచ్చి వెళ్ళిపోతానన్నాడు. అది విని భయపడి షెడ్డు యజమానురాలు అమ్మణ్ణిగారు నూకరత్నానికి ఫోన్ చేశారు.

ఇప్పుడు పన్నెండు దాటింది.

"నేను ఈ షెడ్డుకి రావడం ఇదే మొదటిసారి. అయినా గంటలో తేల్చేశాను. ఈ జిల్లాలో మేం ఇన్సూరెన్స్ చేసిన షెడ్లన్నీ ఇందులో కనబడతాయి." ధనుంజయ్ చేతిలో ట్యాబ్ ఆడించాడు. "శుక్రవారం ఉదయం ఈ అమ్మాయి లాగిన్ నుంచే అలారం మ్యూట్ అయింది. ఇంకేం కావాలి?"

"నాకు ఒక కుర్చీ కావాలి," అని నూకరత్నం ఇందు పక్కన కూర్చుంది. "సెప్పమ్మా. ఈ దీపాలేటి? ఎలా పని సేత్తాయి? నాకు మీ భాష రాదు, మనింట్లో మాటల్లో సెప్పు."

ఇందు పమిట కొసతో ముఖం తుడుచుకుంది. "షెడ్డంతటికీ ఒకే సాఫ్ట్‌వేర్ అక్కా. కానీ లోపల ముక్కలుముక్కలుగా ఉంటాది. గేటుది ఒక ముక్క, కాటాది ఒకటి, గదుల చలి సూసేది ఒకటి, మిషన్ రూములో గ్యాస్ వాసన పట్టేది ఒకటి, రైతుల ఫోన్లకి మెసేజీలు పంపేది ఒకటి. వీటన్నిటినీ కనిపెట్టుకునుండే పోగ్రాం ఇంకొకటి. అది నిమిషానికోసారి ఒక్కొక్కదాన్నీ పిలుత్తాది, 'ఉన్నావా?' అని. 'ఉన్నాను' అంటే పచ్చ దీపం. పలక్కపోతే ఎర్ర దీపం, అలారం."

"జ్వరం వచ్చిన పిల్లని 'బాగున్నావా' అని అడిగితే 'బాగున్నాను' అంటాది. ఆటకి పంపరేమోనని దాని భయం. నుదురు ముట్టుకోవద్దూ?"

"ముట్టుకుంటాదక్కా. గదిగదికీ సెన్సర్ ఉంది. చలి తగ్గితే అదే సెప్తాది. అప్పుడూ ఎర్ర దీపమే."

"అయితే శుక్రవారం ఎందుకు సెప్పలేదు?"

"అదే నాకూ తెలీదు. నా మీద ఒట్టు. నేను అలారం ముట్టుకోలేదు. అప్పుడు లోపల పిల్లకి పాలిత్తన్నాను."

"మరి నీ కంప్యూటర్లో నొక్కిందెవరు?"

ఇందు తల దించుకుంది. "తెలీదు."

మొదటి 'తెలీదు' అన్నప్పుడు కళ్ళలోకి చూసి అంది. రెండో 'తెలీదు'కి నేల చూసింది. నూకరత్నం ఆ తేడా గమనించింది. స్క్రీన్ వైపు చూసింది. దాని పక్కనే లక్ష్మీదేవి పటం, తాజా బంతిపూల దండ. స్క్రీన్ చట్రానికి కూడా పసుపు, కుంకుమ బొట్లు. మూలన చిన్న గంట బొమ్మ, దాని మీద అడ్డంగా గీత.

"ఈ గంట మీద గీతేటి?"

ఇందు ఉయ్యాల గది వైపు ముఖం తిప్పుకుంది. నూకరత్నం బల్ల మీది మౌస్‌ని తిప్పి చూసింది. ఎడమ బొత్తాం మీద పసుపు వేలిముద్ర. ఇంకా తడి ఆరలేదు.

ఇవాళ కూడా శుక్రవారమే.

"నూకరత్నం, వచ్చేవా? హారతి కళ్ళకద్దుకో." లోపల్నుంచి పళ్ళెం పట్టుకుని అమ్మణ్ణిగారు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. జరీ అంచు చీర, చేతివేళ్ళ నిండా పసుపు.

నూకరత్నం హారతి కళ్ళకద్దుకుంది. ఆ వేళ్ళు చూసింది. "పెద్దమ్మగారూ, కంప్యూటరు ఎప్పుడు నేర్చుకున్నారు?"

"ఏం కంప్యూటరమ్మా! ఆ గంట బొమ్మ మీద ఒక నొక్కు. అంతే వచ్చు నాకు."

ధనుంజయ్ ట్యాబ్ దించేశాడు. అమ్మణ్ణిగారు మాత్రం వంట సంగతి చెబుతున్నట్టు తాపీగా చెప్పుకుపోయారు. "ప్రతి శుక్రవారమూ నేనే నొక్కుతాను. ఒకసారి సరిగ్గా హారతి వేళకి అది కుయ్యోమని కూసింది. అమ్మవారి ముందు ఆ ఏడుపేటి, అపశకునం కాదూ? అందుకని పూజ ముందర నోరు మూయిస్తాను. అయ్యాక ఈ పిల్ల మళ్ళీ తెరుస్తాది. పోయిన శుక్రవారం పిల్లదానికి ఒంట్లో బాలేదు, ఇదీ మర్చిపోయింది."

"మరి వారం నుంచీ ఎందుకు చెప్పలేదు మీరు?" ధనుంజయ్ గొంతు లేచింది.

"నన్నెవరడిగేరు బాబూ? మీరు వచ్చినదగ్గర్నుంచి అందర్నీ ప్రశ్నలడిగేరు. నన్ను మంచినీళ్ళడిగేరు. ఇచ్చేను."

నూకరత్నం నవ్వాపుకుంది. "నువ్వెందుకు దాసేవే ఇందూ?"

"పెద్దావిడ పేరు ఎలా సెప్పనక్కా? పిల్లనెత్తుకుని పనికి వత్తానంటే ఊళ్ళో ఎవరూ రానివ్వలేదు. ఆవిడే లోపల ఉయ్యాల కట్టించేరు."

అమ్మణ్ణిగారు పళ్ళెం బల్ల మీద పెట్టి ఇందు నెత్తిన చిన్న మొట్టికాయ వేశారు. "పిచ్చిదానా! నా పేరు కాపాడ్డానికి జైలుకి పోతావా?"

"పోనీ, ఎవరు నొక్కినా నొక్కుడు నొక్కుడే," అన్నాడు ధనుంజయ్. "అలారం కూయలేదు, బెల్లం పోయింది. తెరవడం ఈ అమ్మాయి డ్యూటీ. నిర్లక్ష్యం అని రాస్తాను. కంప్లైంటు మారదు."

"ఆగండి బూటుబాబూ. గొంతు నొక్కితే కూత ఆగుతుంది. ముఖం రంగు మారకుండా ఆగుతుందా?"

"అంటే?"

"గంట మీద గీత పెడితే చప్పుడే కదా పోయేది? దీపం ఎర్రబడాలి కదా? పడలేదు. రోజంతా పచ్చగానే ఉంది. మ్యూట్ వల్ల పచ్చదనం రాదు. ఇది వేరే చెయ్యి." నూకరత్నం అమ్మణ్ణిగారి వైపు తిరిగింది. "ముందు మీరు ఆ గంట నోరు తెరవండి."

"ఎర్రగా వచ్చినా?"

"వచ్చినా."

ఆవిడ లక్ష్మీదేవి పటానికి ఒక దండం పెట్టి, వేలు జాగ్రత్తగా ఆనించి నొక్కారు. గీత పోయింది.

ఇందు పోయిన శుక్రవారం నాటి చలి గీతలు తెర మీదికి తెచ్చింది. ఒక్కో గదికి ఒక్కో గీత. గది తలుపు తీస్తే వెచ్చగాలి తగిలి గీత కొంచెం లేస్తుంది, తలుపు వేస్తే దిగుతుంది. ఆరోజు లారీకి సరుకు ఎత్తడానికి రెండో గది తలుపు చాలాసార్లు తీశారు. రెండో గది గీత లేచింది, దిగింది, మళ్ళీ లేచింది.

"మూడోది సూపించు."

మూడో గది గీతా లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. అదే ఎత్తు, అదే సమయం. కవల పిల్లల్లా ఉన్నాయి రెండూ.

"ఆరోజు మూడో గది తలుపు ఎవరన్నా తీసేరా?"

"లేదక్కా. అసలు తియ్యలేదు." అంటూనే ఇందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అక్కా!"

"మరి పక్కగది వెచ్చబడితే ఇదెందుకు వెచ్చబడింది? మూడో గది ఒళ్ళు కాలిపోతున్నప్పుడు ఈ పోగ్రాం ముట్టుకుంది మూడో గది నుదురు కాదు. రెండో గది నుదురు. పదండి, గది సూద్దాం."

తోడుగా మేనేజరు కన్నబాబు వచ్చాడు. అమ్మణ్ణిగారి మనవడే. పెళ్ళికావలసిన కుర్రాడు, పొద్దున్నుంచీ నోరు విప్పలేదు.

మూడో గది తలుపుకి పెద్ద ఇనప గడియ. నూకరత్నం దాన్ని పక్కకి లాగింది. రాలేదు. కిందికి నొక్కింది. రాలేదు. భుజం ఆనించి తోసింది.

"ఇలా," అని ధనుంజయ్ ముందుకొచ్చి, గడియని ముందు పైకెత్తి, ఆ తర్వాత తన వైపు తిప్పాడు. తలుపు తెరుచుకుంది.

"చదువుకున్నోళ్ళ చెయ్యి వేరు," అని నూకరత్నం మెచ్చుకుంది.

లోపల దిమ్మలు తీసేశారు. నేల మీద పాకం గట్టిపడి నల్లగా మెరుస్తోంది. గోడ మీద సెన్సర్ ఉండాల్సిన చోట రెండు మేకులే ఉన్నాయి. వైరు మాత్రం మధ్యగోడకున్న కన్నంలోంచి రెండో గదిలోకి పోయింది. ఆ వైరు పట్టుకుని వెళితే, రెండో గదిలో బస్తాల వెనక, గోనెసంచులు కుట్టే పురికొసతో కట్టి వేలాడుతోంది మూడో గది సెన్సర్. చల్లగా, ఆరోగ్యంగా.

నూకరత్నం పైట భుజాల మీదికి లాక్కుంది. "కన్నబాబూ, ఇంత చలిలో నీకు చెమట్లేటి బాబూ?"

కన్నబాబు అక్కడే బస్తా మీద కూలబడ్డాడు. "మూడో గది ఫ్యాను నీరసించిందండి. మెకానిక్కు వచ్చేవారం వత్తానన్నాడు. ఈలోగా రోజూ ఎర్ర దీపం, రోజూ మామ్మ కేకలు. 'ఏటిరా ఈ దరిద్రం, దీపం పచ్చబడ్డానికి ఏదో ఒకటి చెయ్యరా' అంది. చేసేనండి. ఫ్యాను ఇంకో నాలుగు రోజులు లాక్కొత్తాదనుకున్నాను. దీపం పచ్చగా ఉంటే గది బాగానే ఉందని నాకే మెల్లగా నమ్మకం వచ్చేసింది."

"ఇందుని స్టేషనుకి పంపుతామంటే ఎలా ఊరుకున్నావు?"

"రాత్రుళ్ళు నిద్ర లేదండి. ఇవాళ చెప్పేద్దామనే…"

"ఇప్పుడే వెళ్ళి మీ మామ్మకి సెప్పు. నేనూ వత్తాను. మొట్టికాయలు పంచుకుందాం."

వరండాలో ధనుంజయ్ గడియారం చూసుకున్నాడు. "చాలా బాగుంది. మేనేజరే సెన్సర్ మార్చాడు. అంటే క్లెయిమ్ రాదు. కాపలా ఉన్న అమ్మాయి నిర్లక్ష్యం ఎలాగూ ఉంది. అమ్మగారూ, ఇందాకే చెప్పాను కదా, ఈ షెడ్డు కొనడానికి పార్టీ రెడీగా ఉంది. ఇంకేదైనా అయ్యేలోపు వదిలించుకోండి. నేను బయల్దేరతాను."

"ఇంకేదైనా అంటే?" అంది నూకరత్నం.

"ఊరికే అన్నాను."

"కాఫీ తాగి వెళ్ళండి."

"టైము లేదండీ."

హాల్లో కన్నబాబు చెప్పింది విని అమ్మణ్ణిగారు అతన్ని తిట్టలేదు. స్క్రీన్ వైపు చూసి, "నేనే కదరా పచ్చగా ఉండాలన్నాను," అన్నారు. తర్వాత ఇందు చెయ్యి పట్టుకున్నారు. "రైతులకి నేను జవాబు చెప్పుకుంటాను. నువ్వు నీ కుర్చీలో కూర్చో. నిన్నక్కణ్ణుంచి ఎవరు లేపుతారో చూస్తాను."

ఇందు కూర్చుంది. వారం తర్వాత మొదటిసారి ఒళ్ళు తేలికపడినట్టుంది ఆ పిల్లకి, మూడో గది దీపం పక్కన 'రిపేరు' అని తనే టైపు చేసింది. నూకరత్నానికి కూడా కడుపు నిండినంత తృప్తిగానే ఉంది. కానీ ధనుంజయ్ అన్న ఒక మాట మాత్రం వదల్లేదు. ఇంకేదైనా అయ్యేలోపు.

"ఇందూ, పిల్ల నిద్రలో మరీ కదలకుండా పడుకుంటే నువ్వేం సేత్తావు?"

"ముక్కు దగ్గర వేలు పెట్టి సూత్తానక్కా. రాత్రి ఎన్నిసార్లు లేత్తానో నాకే తెలీదు."

"అలాగ సూడు. ఈ ముక్కల్లో మరీ కదలకుండా పడుకున్నది ఇంకేదన్నా ఉందా?"

ఇందు ఒక్కొక్క గీతా తెరిచింది. గేటు, కాటా, మెసేజీలు, అన్నీ చిందులు వేస్తున్నాయి. చివరిది మిషన్ రూములో అమ్మోనియా గ్యాస్ వాసన పట్టే సెన్సర్. దాని గీత స్కేలు పెట్టి గీసినట్టుంది.

"ఇది ఎప్పుడూ కొంచెం వణుకుతాదక్కా. మిషన్ ఆన్ అయినప్పుడల్లా. శనివారం నుంచి వణకలేదు. దీపం పచ్చే, పిలిత్తే పలుకుతాంది, అందుకే నేను…"

"కన్నబాబూ, ఇదీ నీ పనేనా?"

"అమ్మతోడు కాదండి! నేను మూడో గదిదే మార్చేను. గ్యాస్ జోలికి నేనెందుకెళ్తాను, సచ్చిపోమూ?"

"శనివారం ఎవరొచ్చేరు?"

"బెల్లం పోయిందని రైతులంతా వచ్చేరు. షెడ్డంతా జనం. ఎవరొచ్చేరో, ఎవరెళ్ళేరో…"

"ఇవాళ మిషన్ రూములోకి ఎవరెళ్ళేరు?"

"ఈయనే. ఇందాక ఫోటోలు తీసుకుంటానని."

అందరూ వెనక్కి చూశారు. ధనుంజయ్ ట్యాబ్ బల్ల మీదే ఉంది. మనిషి లేడు.

ఇందు అప్పటికే లేచి పరిగెత్తుతోంది. చిన్నారి ఉయ్యాల ఉన్న గది కిటికీ మిషన్ రూము వైపే తెరుచుకుంటుంది. పిల్ల నిద్రకళ్ళతో తల్లి భుజం మీద బయటకి వచ్చింది. వచ్చాక చిన్నారి అందరి ముఖాలూ చూసి బోసినోటితో నవ్వింది. అమ్మణ్ణిగారు పిల్లని లాక్కుని వాకిట్లోకి నడిచారు.

"కిటికీ దగ్గర ఘాటుగా ఉందక్కా. కళ్ళు మండుతున్నాయి."

"నువ్వు బయట ఉండు. కన్నబాబూ, గ్యాస్ మాస్కు ఎక్కడుందో తే!"

నూకరత్నం పైట తడిపి ముక్కుకి కట్టుకుని మిషన్ రూములోకి అడుగుపెట్టింది. లోపల ఎక్కడో సన్నగా బుసకొడుతున్న చప్పుడు. ఒక గొట్టం మెలిక దగ్గర కొత్తగా వదులు చేసిన నట్టు, దాని చుట్టూ తెల్లటి మంచు. గోడ మీద గ్యాస్ సెన్సర్ పెట్టె. దానికి నోరూ ముక్కూ మూసేసినట్టు ఒక తొడుగు, రబ్బరు బ్యాండుతో బిగించి ఉంది.

నీలం రంగు ప్లాస్టిక్. బూటు తొడుగు.

ఆమె వెనకే తలుపు మూసుకుంది. బయట గడియ పైకి లేచింది, తిరిగింది, పడింది. ఒక్కసారి కూడా తడబడలేదు. ఈ షెడ్డు గడియ సంగతి బాగా తెలిసిన చెయ్యి అది.

నూకరత్నం తలుపు బాదలేదు. తొడుగు లాగి పారేసింది. ఈ గ్యాస్ పైకి పోతుందని ఎక్కడో విన్న గుర్తు. గబగబా నేల మీద పడుకుని, తలుపు కింది సందులో ముక్కు పెట్టింది. సెన్సర్ ఊపిరి పీల్చుకుంది, సరే. కానీ దాన్ని ఎవరో ఒకరు అడగాలి. నిమిషానికోసారి కదా అడుగుతుంది ఆ పోగ్రాం! అడిగేసి ఇప్పుడే వెళ్ళిపోయిందా? ఇప్పుడు రాబోతోందా? కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. 'అడుగవే తల్లీ, ఒక్కసారి అడుగు,' అనుకుంది.

కుయ్యోమని కూసింది అలారం. షెడ్డు రేకులు అదిరేలా, శుక్రవారం పూట, అమ్మవారి పటం పక్కనుంచి.

గడియ తీసింది ఇందు. మాస్కు పెట్టుకున్న కన్నబాబు లోపలికి దూరి నట్టు బిగించాడు. నూకరత్నం కుళాయి కింద తలపెట్టి కళ్ళు కడుక్కుని వాకిట్లోకి వచ్చేసరికి, ధనుంజయ్ కారు అక్కడే ఉంది. అలారం వినగానే డ్రైవర్లు లారీలు ఎక్కడివక్కడ వదిలి బయటకి ఉరికారు. ఆ లారీల మధ్య కారు ఇరుక్కుపోయింది. నలుగురు హమాలీలు దాని చుట్టూ నిలబడ్డారు.

"తలుపు గాలికి పడిందేమో మేడం," అన్నాడు ధనుంజయ్.

"గాలికి మా గడియ వేయడం వచ్చండీ? నాకే రాలేదు ఇందాక. మొదటిసారి వచ్చిన మీకు మాత్రం భలేగా వచ్చింది. శనివారం రైతుల గుంపులో కలిసి వచ్చినప్పుడే నేర్చుకున్నారు కదూ?" నూకరత్నం నీలం తొడుగు అతని ముందు పట్టుకుంది. "ఇది మీదే. ఈ ఊళ్ళో బూటుకి చొక్కా వేసే మనిషి ఇంకొకడు లేడు. షెడ్డు పేలి మనుషులు పోతే, తప్పంతా కాపలా ఉన్న ఇందుది. భయపడి పెద్దావిడ అమ్మేస్తే, కొనేది మీ పార్టీ. అంతేనా?"

చంకలోని పిల్లకి ఎండ తగలకుండా కొంగు కప్పుతూ అమ్మణ్ణిగారు అన్నారు: "ఇకనుంచి శుక్రవారమైనా సరే, దాన్ని కూయనీండి. నేనే హారతి ఆపుకుంటాను."

హమాలీలు నవ్వారు. పోలీసులకి ఫోన్ వెళ్ళింది. ఎవరో నూకరత్నానికి మజ్జిగ తెచ్చిచ్చారు. ఆవిడ గట్టు మీద కూర్చుని సగం గ్లాసు తాగింది. ఎంతో హాయిగా ఉంది గొంతుకి.

అప్పుడు ఇందు ధనుంజయ్ ట్యాబ్ పట్టుకుని నెమ్మదిగా నడిచి వచ్చింది.

"అక్కా, ఇందులో మిగతా షెడ్ల దీపాలు కూడా కనబడతన్నాయి. అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఇది సూడు. నక్కపల్లి షెడ్డు. గ్యాస్ గీత."

స్కేలు పెట్టి గీసినట్టుంది.

"శనివారం నుంచా?"

"కాదక్కా. ఇవాళ పొద్దున్నుంచి. ఇక్కడికొచ్చే ముందు అక్కడికే ఎళ్ళేడని ఇందులో రాసుంది."

నూకరత్నం గ్లాసు కింద పెట్టేసింది. ధనుంజయ్ వైపు చూసింది. అతను కారుకి ఆనుకుని గడియారం చూసుకుంటున్నాడు. ఒంటిగంట కావస్తోంది. ఇంతసేపూ అతని తొందర ఇక్కణ్ణుంచి పారిపోడానికే అనుకుంది తను. కాదు, ఒంటిగంటకి నక్కపల్లిలో జరగబోయేదాని కోసం ఎదురుచూస్తున్నాడు.

కన్నబాబు నక్కపల్లి నంబరు కలిపి స్పీకర్లో పెట్టాడు. ఫోన్ మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది.

"ఉన్నారా? ఎవరన్నా ఉన్నారా అక్కడ?" ఇందు ఫోన్లోకి వంగి అరిచింది.

ఎవరూ పలకలేదు. ఆమె చేతిలోని తెర మీద నక్కపల్లి దీపం పచ్చగా, ప్రశాంతంగా వెలుగుతూనే ఉంది.